1650 గ్రాఫిక్స్ కార్డుని ఓవర్‌క్లాక్ చేస్తే (కంపెనీ పెట్టిన వేగం కన్నా పెంచితే) ఫ్రేములు పెరగాల్సింది పోయి తగ్గాయి. స్టాక్ ఫ్యాన్‌తో ఎంత వరకు సేఫ్?

కొత్తగూడెం_కుర్రాడు
నా దగ్గర జీటీఎక్స్ 1650 ఉంది. 4 జీబీ, ఒకటే ఫ్యాన్, పవర్ పిన్ లేని మోడల్. ఐ3 10100ఎఫ్, 16 జీబీ ర్యామ్, 450 వాట్ల ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై). సెలవులే కదా అని ఒక వీడియో చూసి ఆఫ్టర్‌బర్నర్ (కార్డు వేగం మార్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని, అతను చెప్పినట్టే కోర్ (చిప్పు వేగం) +150, మెమరీ +1000 మెగాహెర్ట్జ్ పెట్టాను. హెవెన్ బెంచ్‌మార్క్ పది నిమిషాలు ఏ గొడవా లేకుండా ఆడింది. సరే అయిపోయింది అనుకుని జీటీఏ 5 పెడితే అరగంటకో ముప్పావుగంటకో స్క్రీన్ నల్లబడి, రెండు సెకన్లకి మళ్లీ వస్తుంది కానీ గేమ్ మూసుకుపోతుంది. ఇంకా విచిత్రం ఏంటంటే హెవెన్ స్కోరు ఏమీ ముట్టుకోనప్పుడు 1215, ఇవన్నీ పెట్టాక 1188. వీడియోలో అతనికి 12 శాతం పెరిగింది. పవర్ లిమిట్ అనే స్లైడర్ నాకు 100 దాటి జరగడమే లేదు, అతనికీ అంతే. వేడి 81, 82 దగ్గర ఉంటోంది. కార్డు కాలిపోతే నాన్న ఇంకోటి కొనివ్వరు, ఇదే 2021లో ఇంటర్ మార్కుల మీద వచ్చింది. ఎంత పెడితే సేఫో ఎవరైనా నంబర్ చెప్పండి, పెట్టేసుకుంటాను.

లో_సెట్టింగ్స్
మే నెల, కొత్తగూడెం, ఓవర్‌క్లాక్. ఈ మూడూ ఒకే పోస్టులో రాయడానికే ధైర్యం కావాలి బ్రో. అక్కడ ఫ్యాన్ కింద కూర్చున్న మనిషే వేడికి స్లో అయి థ్రాటిల్ అవుతాడు.

ఫ్రేమ్‌డ్రాప్
1650ని ఓవర్‌క్లాక్ చేసి ఏం సాధిస్తావు, 50 ఫ్రేములు 54 అవుతాయి. షాడోస్ ఒక మెట్టు తగ్గించు, 10 ఫ్రేములు ఫ్రీగా వస్తాయి, కార్డూ క్షేమం నాన్నా క్షేమం.

పాతకార్డు
నంబర్ ఎవరు చెప్పినా పెట్టకు. ఒకే బ్యాచ్‌లో వచ్చిన రెండు కార్డులు కూడా ఒకేలా ఉండవు. ముందు జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే టూల్) దించుకుని రెండు సంగతులు చెప్పు. మొదటి పేజీలో మెమరీ టైప్ ఏమని ఉంది? సెన్సర్స్ పేజీలో పర్ఫ్‌క్యాప్ రీజన్ అని ఒక వరుస ఉంటుంది, కార్డు వేగం ఎందుకు ఆగుతోందో అది చెప్తుంది, గేమ్ ఆడేటప్పుడు అందులో ఏం రాస్తోంది? అలాగే ఆ వీడియో మళ్లీ పెట్టి, ఏమీ మార్చకముందు అతని ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్ ఎంత చూపిస్తోందో చూడు.

ఎస్ఎంపీఎస్_మామ
ఆ 450 వాట్ల ఎస్ఎంపీఎస్ క్యాబినెట్‌తో పాటు వచ్చిందా, విడిగా కొన్నావా?

కొత్తగూడెం_కుర్రాడు
@పాతకార్డు మెమరీ టైప్ జీడీడీఆర్5 అని ఉంది. పర్ఫ్‌క్యాప్ దగ్గర గేమ్ ఆడినంతసేపూ ఆకుపచ్చ పట్టీ, పేరు పీడబ్ల్యూఆర్. వీడియోలో అతనికి 6001 చూపిస్తోంది, నాకు 4001. ఇది తేడా కదా??
@మామ విడిగా కొన్నదే, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉంది.

పాతకార్డు
తేడానే, నీ గొడవలో సగం అక్కడే ఉంది. 1650 అనే పేరుతో రెండు రకాల కార్డులు అమ్మారు. 2019 ఏప్రిల్‌లో వచ్చింది జీడీడీఆర్5 మెమరీతో, ఒక్కో లైనుకి 8 జీబీపీఎస్ (సెకనుకి గిగాబిట్లు). మరుసటి ఏడాది అదే పేరుతో జీడీడీఆర్6 వేసి దించారు, అది 12 జీబీపీఎస్. రెండిటికీ బస్ (డేటా దారి వెడల్పు) 128 బిట్లే, కాబట్టి నీ కార్డులో సెకనుకి 128 జీబీ డేటా కదులుతుంది, అతనికి 192. డబ్బా మీద చిన్న అక్షరాల్లో తప్ప ఎక్కడా తేడా తెలియదు. ఆఫ్టర్‌బర్నర్ చూపించేది అసలు వేగంలో సగం, అందుకే నీకు 4001, అతనికి 6001. అతను వెయ్యి పెంచితే ఆరో వంతు పెంచినట్టు. నువ్వు అదే వెయ్యి పెడితే పావు వంతు. పాత తరం మెమరీని పట్టుకుని పావు వంతు ఎక్కువ పరిగెత్తమన్నావు, అది పరిగెత్తినట్టు నటించింది.

నటించడం అని ఎందుకన్నానంటే, జీడీడీఆర్5లో డేటా వెళ్లేటప్పుడు తప్పు దొర్లితే పట్టుకునే ఏర్పాటు ఉంటుంది. తప్పొచ్చిన ముక్కని మళ్లీ పంపించుకుంటుంది. తెరమీద చుక్కలు, గళ్లు ఏమీ కనిపించవు, అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ పంపిందే మళ్లీ పంపడంలో టైమ్ పోతుంది కాబట్టి స్కోరు పడుతుంది. నీ 1188 కథ అదే. మెమరీ పెంచేటప్పుడు క్రాష్ అయ్యిందా లేదా అని కాదు చూడాల్సింది, స్కోరు పెరుగుతోందా లేదా అని. వంద వంద చొప్పున పెంచుతూ హెవెన్ నడుపు, ఎక్కడ స్కోరు పెరగడం ఆగిందో అక్కడినుంచి వందో నూటయాభయ్యో వెనక్కి రా. నా 1650కి +500 దగ్గర ఆగింది, ఇప్పుడు +400లో వాడుతున్నాను.

కోర్ సంగతి వేరు. పీడబ్ల్యూఆర్ అంటే కార్డుకి కరెంటు చాలక ఆగుతోందని. దాని గురించి మామ చెప్తాడు, ఆయన టాపిక్.

లో_సెట్టింగ్స్
"పరిగెత్తినట్టు నటించింది". మా ఆఫీసులో ఇలాంటి జీడీడీఆర్5లు పది మంది ఉన్నారు.

ఎస్ఎంపీఎస్_మామ
పిలిచారు కాబట్టి వచ్చాను. పిన్ లేని కార్డు మొత్తం కరెంటూ మదర్‌బోర్డు స్లాట్ నుంచే తీసుకుంటుంది. స్లాట్ ఇచ్చేది 75 వాట్లు, అందులో 12 వోల్టుల లైను మీద వచ్చేది 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లే, మిగతాది 3.3 వోల్టుల లైన్ది. అందుకే కంపెనీ వాళ్లు పవర్ లిమిట్ 100 దగ్గర తాళం వేసేశారు. నువ్వు కోర్ +150 పెట్టినా, ఆ 75 వాట్లలోనే సర్దుకోవాలి కాబట్టి బరువైన సీన్ రాగానే మళ్లీ కిందికి దిగిపోతుంది. తేలిక సీన్‌లో మాత్రం పైకి ఎగురుతుంది, అక్కడే తట్టుకోలేక పడిపోతుంది. అంటే లాభం లేని చోట మాత్రమే రిస్క్ తీసుకుంటున్నావు.

ఇంకో మాట. పిన్ ఉన్న కార్డు బయాస్ (కార్డుని నడిపే లోపలి ప్రోగ్రామ్) తెచ్చి దీంట్లో ఎక్కిస్తే, అంటే ఫ్లాష్ చేస్తే, లిమిట్ పెరుగుతుందని ఎవడో ఒకడు వచ్చి చెప్తాడు. చెయ్యకు. కాలితే కార్డు ఒక్కటే కాదు, స్లాట్ కూడా కాలుతుంది, అప్పుడు నాన్నగారికి రెండు వస్తువుల లెక్క చెప్పాలి.

బయాస్_బాబు
ఆ ఎవడో ఒకడు నేనే అనుకుంటా 🙂 నాకు ఏడాదిన్నర బాగానే నడిచింది మామా.

ఎస్ఎంపీఎస్_మామ
@బయాస్_బాబు నీ కార్డుకి 6 పిన్ ఉంది, నీ పాత పోస్టులో ఫోటో పెట్టావు. అతనికి లేదు.

బయాస్_బాబు
అవును కదా. వెనక్కి తీసుకుంటున్నా.

కొత్తగూడెం_కుర్రాడు
అంటే నా కార్డుని ఏమీ చెయ్యలేనా మరి? మెమరీ ఒక్కటేనా?

పాతకార్డు
చెయ్యొచ్చు, కానీ తిరగేసి. వోల్టేజ్ తగ్గించి క్లాక్ నిలబెట్టాలి, అండర్‌వోల్ట్ అంటారు. చిప్పు తినే కరెంటు వోల్టేజ్ స్క్వేర్‌ని బట్టి పెరుగుతుంది. 1 వోల్టు నుంచి 0.9కి దించితే అదే క్లాక్ దగ్గర స్విచింగ్ ఖర్చు ఇంచుమించు 19 శాతం తగ్గుతుంది. 75 వాట్ల జైల్లో ఉన్న కార్డుకి ఆ మిగిలిన వాట్లే స్వేచ్ఛ. మామూలుగా 1 వోల్టు దాటి ఎగిరి, పవర్ లిమిట్‌కి గుద్దుకుని 1740కి దిగే బదులు, 0.9 దగ్గరే 1800లో గేమ్ అంతా స్థిరంగా ఉంటుంది. వేడీ తగ్గుతుంది, ఫ్యాన్ మోతా తగ్గుతుంది.

ఎలాగంటే: ముందు అన్నీ రీసెట్ కొట్టు. కోర్ స్లైడర్‌ని -200కి లాగి అప్లై చెయ్, దాంతో మొత్తం గీత కిందికి దిగుతుంది. తర్వాత కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే గ్రాఫ్ తెరుచుకుంటుంది, కింద అడ్డంగా మిల్లీవోల్టులు, పక్కన నిలువుగా మెగాహెర్ట్జ్. 900 మిల్లీవోల్టుల మీద ఉన్న చుక్కని పట్టుకుని 1770 దాకా ఎత్తు, అప్లై కొట్టు. దాని కుడివైపున్న చుక్కలన్నీ అదే ఎత్తులో బల్లపరుపుగా అయిపోతాయి. అంటే 900 దాటి ఇక వెళ్లదు. ఒక రోజు వాడి చూడు. నిలబడితే 15 చొప్పున పైకెత్తు, ఈ తరం కార్డుల్లో క్లాక్ 15 మెగాహెర్ట్జ్ మెట్లలోనే కదులుతుంది, మధ్యలో నంబర్లు పెట్టి ప్రయోజనం లేదు.

మెమరీ, కోర్ రెండూ ఒకే రోజు ముట్టుకోకు. పడిపోతే ఎవరి వల్ల పడిందో తెలియదు.

ఫ్రేమ్‌డ్రాప్
ఇంత శ్రమ కన్నా షాడోస్ తగ్గించడం... సరే నేను చెప్పను.

బ్లెండర్_అక్క
ఫ్రేమ్‌డ్రాప్ మాట పూర్తిగా కొట్టెయ్యకండి. నేను ఇదే 1650తో రెండేళ్లు బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) పని చేశాను, పెళ్లి వీడియోలకి టైటిల్స్, చిన్న చిన్న ఇంటి మోడల్స్. మెమరీ +600 పెట్టి రాత్రి రెండర్ పెట్టి పడుకున్నాను, పొద్దున చూస్తే 240 ఫ్రేముల్లో 171 దగ్గర డ్రైవర్ పడిపోయి ఉంది, కస్టమర్ పదింటికి వస్తాడు. గేమ్ పడిపోతే మళ్లీ పెట్టుకుంటావు, పని పడిపోతే డబ్బులు పోతాయి. అప్పటినుంచి నాది అండర్‌వోల్ట్ మాత్రమే, మెమరీ కంపెనీ ఇచ్చిన చోటే. ఆటకీ పనికీ ఒకే కార్డు అయితే ఆఫ్టర్‌బర్నర్‌లో రెండు ప్రొఫైల్స్ పెట్టుకోవచ్చు, కింద 1, 2 అని నంబర్లు ఉంటాయిగా.

కొత్తగూడెం_కుర్రాడు
అక్కా నాది ఆట మాత్రమే, అప్పుడప్పుడు కాలేజీ ప్రాజెక్టు. అసలు ప్రశ్న మిగిలే ఉంది, కాలిపోతుందా కాలిపోదా?

నైట్‌షిఫ్ట్
ఆ స్లైడర్లతో కాలదు. పవర్, వోల్టేజ్, వేడి మూడిటికీ బయాస్‌లో గీత గీసి ఉంటుంది, ఆఫ్టర్‌బర్నర్ ఆ గీత లోపలే ఆడుతుంది. 83 దగ్గరకి వస్తే క్లాక్ తగ్గించుకుంటుంది, ఇంకా పైకి పోతే ఆపేసుకుంటుంది. స్క్రీన్ నల్లబడి రెండు సెకన్లకి రావడం కూడా కార్డు చావడం కాదు. కార్డు రెండు సెకన్లు జవాబివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ని పడేసి లేపుతుంది. ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడు, 4101 అనే నంబర్‌తో రాసి ఉంటుంది. అది ఉంటే క్లాక్ ఎక్కువైందని అర్థం. మెషిన్ మొత్తం ఒక్కసారిగా ఆఫ్ అయ్యి రీస్టార్ట్ అయితే అప్పుడు మామ దగ్గరికి వెళ్లు.

సేఫ్ కానిది ఏంటంటే నీకు కనిపించని వేడి. నా కార్డు విప్పినప్పుడు చూశాను, నాలుగు మెమరీ చిప్పుల్లో ఒక్కదానికీ వేడి లాగే థర్మల్ ప్యాడ్ లేదు. వేడి పీల్చే అల్యూమినియం దిమ్మ మధ్యలో చిప్పుకి మాత్రమే తగులుతోంది, మెమరీకీ దిమ్మకీ మధ్య అగ్గిపుల్ల దూరేంత సందు. ఆ చిప్పులకి ఫ్యాన్ గాలి తప్ప దిక్కు లేదు, వాటి వేడి చూపించే సెన్సరూ లేదు. తెర మీద 70 ఉంది కదా అని మెమరీని ఇష్టమొచ్చినట్టు లాగడం ఎందుకు తప్పో ఇప్పుడు తెలిసింది కదా. అందుకే బడ్జెట్ కార్డుల్లో ఫ్యాన్ వేగం తగ్గించి నిశ్శబ్దంగా పెట్టుకోవడం, మెమరీ పెంచడం రెండూ కలిపి చెయ్యకూడదు.

కొత్తగూడెం_కుర్రాడు
4101 ఉంది. నిన్న ఒక్క రోజే మూడు సార్లు. సరే మెమరీ సున్నాకి తెచ్చేశాను.

డల్లాస్_బాబాయ్
ఎప్పుడు టెస్ట్ చేస్తావన్నది కూడా చూసుకో. నేను ఇక్కడ జనవరిలో, గదిలో 18 డిగ్రీలున్నప్పుడు +180 పెట్టి స్థిరంగా ఉందని సంబరపడ్డాను. జూలై వచ్చేసరికి రోజుకోసారి పడిపోవడం. గది పది డిగ్రీలు పెరిగితే కార్డూ ఇంచుమించు అంతే పెరుగుతుంది, ఫ్యాన్ అప్పటికే పూర్తిగా తిరుగుతుంటే ఇంక దారేముంది. మీ దగ్గర మధ్యాహ్నం రెండింటికి టెస్ట్ చెయ్, అప్పుడు నిలబడితే ఏడాదంతా నిలబడుతుంది.

పాతకార్డు
బాబాయ్ మాట సగమే ఒప్పుకుంటాను. చల్లగా ఉన్నప్పుడు పడిపోయే కేసులూ ఉన్నాయి. చిప్పు చల్లగా ఉంటే బూస్ట్ (కార్డు తనే పెంచుకునే వేగం) తనంతట తనే ఒకటి రెండు మెట్లు పైకి వెళ్తుంది, వేడెక్కే కొద్దీ దిగుతుంది. కాబట్టి గేమ్ తెరిచిన మొదటి రెండు నిమిషాల్లో, మెనూలో, లోడింగ్‌లో క్లాక్ అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. నాకు డిసెంబర్ పొద్దున్నే మెనూలో పడిపోయి, మధ్యాహ్నం నాలుగు గంటలు హాయిగా నడిచేది. రెండు పూటలా చూడాలి.

డల్లాస్_బాబాయ్
ఇది నాకు కొత్త. మెనూలో పడిపోవడం నేనూ చూశాను, గేమ్‌ని తిట్టుకున్నాను.

ఫ్రేమ్‌డ్రాప్
ఫ్యూర్‌మార్క్ (కార్డుని పూర్తి బరువుతో నడిపే టెస్ట్) గంట పెట్టండి, బతికితే స్టేబుల్. ఇన్ని పూటలెందుకు.

ఎస్ఎంపీఎస్_మామ
ఫ్యూర్‌మార్క్‌లో ఈ కార్డు మొదటి సెకనులోనే పవర్ లిమిట్‌కి కొట్టుకుని క్లాక్ బాగా దించేసుకుంటుంది. నువ్వు పెట్టిన 1800 దగ్గర అది నడవనే నడవదు, ఇంక నువ్వు టెస్ట్ చేసింది ఏంటి? వేడి ఎంత వరకు పోతుందో చూడటానికి పది నిమిషాలు పెట్టుకో, స్థిరత్వానికి కాదు. దానికి నువ్వు రోజూ ఆడే గేమే, రెండు మూడు గంటలు.

ఫ్రేమ్‌డ్రాప్
ఇవాళ నాకు కలిసిరాలేదు.

వైజాగ్_ఉప్పుగాలి
పక్క ప్యానెల్ తీసేసి టేబుల్ ఫ్యాన్ పెట్టు, 8 డిగ్రీలు పడిపోతాయి. ఖర్చు సున్నా.

నైట్‌షిఫ్ట్
@వైజాగ్_ఉప్పుగాలి ఆ తర్వాత నీ కార్డు ఏమైందో కూడా చెప్పు.

వైజాగ్_ఉప్పుగాలి
చెప్తాను, సిగ్గేముంది. మా ఇల్లు బీచ్ రోడ్డుకి దగ్గర. రెండు వేసవులు అలాగే తెరిచి పెట్టాను. కార్డు వెనక ఇనుప పట్టీ, స్క్రూలు తుప్పుపట్టి స్క్రూడ్రైవర్ పడితే తల అరిగిపోతోంది తప్ప తిరగట్లేదు. హెచ్‌డీఎంఐ దగ్గర ఆకుపచ్చ పొడి. కార్డు ఇప్పటికీ పనిచేస్తోంది కానీ స్లాట్ నుంచి బయటికి రాదు, మదర్‌బోర్డుతో పెళ్లైపోయింది. కొత్తగూడెంలో సముద్రం లేదు కాబట్టి చెప్పాను.

లో_సెట్టింగ్స్
సముద్రం లేదు కానీ బొగ్గు దుమ్ము ఉంది అన్నా.

కొత్తగూడెం_కుర్రాడు
@లో_సెట్టింగ్స్ నిజమే. కిటికీ గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి నల్లగా వేలు ముద్ర పడుతుంది. ఇప్పుడు అనుమానం వచ్చి టార్చ్ వేసి చూశాను, ఫ్యాన్ రెక్కల వెనక దిమ్మ కనపడటం లేదు, బూడిద రంగు దుప్పటి కప్పినట్టుంది. నాలుగేళ్లుగా ఒక్కసారీ శుభ్రం చెయ్యలేదు. విప్పాలా?

పాతకార్డు
ఓవర్‌క్లాక్ గురించి ఇంతసేపు మాట్లాడించి ఇప్పుడా చెప్పేది!

విప్పక్కర్లేదు ముందు. కార్డు బయటికి తీసి, ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకుని, మెత్తటి పెయింట్ బ్రష్‌తో దులిపి, చేతి బ్లోయర్‌తో పక్కనుంచి గాలి కొట్టు. రెక్క పట్టుకోవడం మర్చిపోకు.

మైనింగ్_బాధితుడు
ఆ రెక్క మాట నిజం. నేను మెకానిక్ షాపులో కంప్రెసర్‌తో కొట్టించాను, ఫ్యాన్ విమానంలా తిరిగింది, చూడ్డానికి బాగుందని వీడియో కూడా తీశాను. ఆ రాత్రి నుంచి గరగరమని శబ్దం, నెల తిరక్కుండా ఫ్యాన్ ఆగిపోయింది. గాలితో పాటు నూనె తుంపర్లు కూడా వచ్చాయి, అది వేరే కథ.

కొత్తగూడెం_కుర్రాడు
చిప్పుకీ దిమ్మకీ మధ్య ఉండే పేస్టు కూడా మార్చాలా? వారంటీ అయిపోయింది.

నైట్‌షిఫ్ట్
దుమ్ము దులిపాక వేడి చూసి అప్పుడు ఆలోచించు. మార్చాల్సి వస్తే వెనక నాలుగు స్ప్రింగ్ స్క్రూలే ఉంటాయి, ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి, ఒక మూల పూర్తిగా విప్పేస్తే దిమ్మ ఒకవైపుకి వంగి చిప్పు అంచు చిట్లే ప్రమాదం ఉంది. పాత పేస్టు ఎండిపోయి అంటుకుంటే లాగకు, అయిదు నిమిషాలు గేమ్ ఆడి కొంచెం వెచ్చబడ్డాక మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఊడుతుంది. ఫ్యాన్ వైరు పిన్ చిన్నది, వైరు పట్టుకుని లాగితే పిన్ ఊడి వస్తుంది, ప్లాస్టిక్ ముక్క పట్టుకోవాలి. మళ్లీ పెట్టడం కూడా గుర్తుంచుకో. నేను నా మొదటి కార్డుకి పేస్టు కొత్తగా వేసి, అన్నీ బిగించి, ఫ్యాన్ వైరు పెట్టకుండా ఆన్ చేశాను. 90 దాటాక తెలిసింది, పేస్టు కంపెనీని తిట్టాక.

వారంటీ ఉన్నవాళ్లకి: స్క్రూ మీద స్టిక్కర్ చిరిగిందని ఒక సర్వీస్ సెంటర్‌లో నా రెండో కార్డు వెనక్కి ఇచ్చేశారు, ఓవర్‌క్లాక్ గురించి అసలు అడగనే లేదు. కాబట్టి వారంటీలో ఉంటే దిమ్మ ముట్టుకోకండి.

మైనింగ్_బాధితుడు
మధ్యలో నా గొడవ. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో సెకండ్ హ్యాండ్ ఏఎండీ ఆర్ఎక్స్ 580 కొన్నాను, 8 జీబీ. ఏమీ పెంచకుండానే గేముల్లో పడిపోతోంది, ఆడ్రెనలిన్‌లో (ఏఎండీ సాఫ్ట్‌వేర్) చూస్తే గరిష్ఠ క్లాక్ 1150 అని ఉంది. 580కి 1340 దాకా ఉండాలి కదా. నేను దీన్ని ఓవర్‌క్లాక్ చెయ్యాలా, పూజ చెయ్యాలా?

పాతకార్డు
నీ పేరులోనే జవాబుంది. మైనింగ్ వాళ్లు (కార్డులతో క్రిప్టో కాయిన్లు తవ్వేవాళ్లు) కరెంటు బిల్లు తగ్గించడానికి కోర్ దించి, మెమరీ టైమింగ్స్ బిగించిన బయాస్ వేసేవాళ్లు. కార్డు పై అంచున చిన్న స్విచ్ ఉందేమో చూడు, చాలా 580లకి రెండు బయాస్‌లు ఉంటాయి. మెషిన్ ఆపి, స్విచ్ రెండోవైపు జరిపి ఆన్ చెయ్.

మైనింగ్_బాధితుడు
ఉంది!! గోరంత స్విచ్. జరిపాను. 1340 చూపిస్తోంది. గంట నుంచి పడలేదు. ఆరు నెలలుగా 580 కొని 570 వాడుతున్నాను అన్నమాట.

లో_సెట్టింగ్స్
ఈ మొత్తం చర్చలో ఎక్కువ ఓవర్‌క్లాక్ అయింది ఇతనికే. వేలి గోరుతో.

బయాస్_బాబు
@కొత్తగూడెం_కుర్రాడు ఆఫ్టర్‌బర్నర్‌లో విండోస్ గుర్తు ఉన్న బటన్ నొక్కావా? అది నొక్కితే స్టార్ట్ అవ్వగానే సెట్టింగులు తనే వేసేస్తుంది. స్థిరంగా ఉందని తేలేదాకా దాని జోలికి పోకు. నేను తప్పు నంబరు పెట్టి అది నొక్కేశాను, డెస్క్‌టాప్ రాగానే నల్లబడటం, మళ్లీ రావడం, మళ్లీ నల్లబడటం. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్ తీసేస్తే గాని వదల్లేదు.

ఇంకోటి, ఎక్కడినుంచి దించుకున్నావు? ఆఫ్టర్‌బర్నర్ పేరుతో దొంగ సైట్లు చాలా ఉన్నాయి, వాటిలో దించుకుంటే నీ కార్డు ఇంకెవరికో కాయిన్లు తవ్విపెడుతుంది.

కొత్తగూడెం_కుర్రాడు
నొక్కలేదు అన్నా. దించుకుంది ఎంఎస్ఐ సైట్ నుంచే.

శనివారం అంతా దీనికే పోయింది, వరుసగా చెప్తాను. ముందు కార్డు తీసి దులిపాను. వరండాలో కూర్చుని దులిపితే నల్లటి ఉండలు వచ్చాయి, పిల్లి బొచ్చు కూడా, మాకు పిల్లి లేదు. ఒక్క దుమ్ము పోగానే అదే గేమ్, అదే మధ్యాహ్నం, 82 ఉండేది 74కి వచ్చింది, ఏ స్లైడరూ ముట్టుకోకుండా హెవెన్ 1215 నుంచి 1231. తర్వాత ఫ్యాన్ గీత మార్చాను, 60 డిగ్రీలకి 60 శాతం, 75కి 85 శాతం. మోత వస్తుంది కానీ మా కూలర్ మోతలో ఎవరికీ వినపడదు. తర్వాత పాతకార్డు అన్న చెప్పినట్టు 900 దగ్గర 1770, అది రాత్రంతా నిలబడింది. 1785 నిలబడింది. 1800 నిలబడింది. 1815కి పొద్దున మెనూలో పడిపోయింది, అన్న చెప్పినట్టే మెనూలో! 1800కి వచ్చేశాను.

ఆదివారం మెమరీ. +100 కి 1268, +200 కి 1279, +300 కి 1290, +400 కి 1302, +500 కి 1303, +600 కి 1296. +600 దగ్గర తెర మీద ఒక్క చుక్క కూడా లేదు, స్కోరు మాత్రం దిగింది. ఈ లెక్క తెలియకపోతే ఇంకా పెంచేవాణ్ని. +350 పెట్టి ఆపేశాను.

ఇప్పుడు జీటీఏలో వేడి 70, 71. నిన్న నాలుగు గంటలు ఆడాను, 4101 లేదు. పర్ఫ్‌క్యాప్‌లో పీడబ్ల్యూఆర్ ఎప్పుడో ఒకసారి మెరుస్తోంది అంతే.

పాతకార్డు
+100కే 1268కి ఎగిరిందంటే అందులో ఎక్కువ భాగం అండర్‌వోల్ట్ ఇచ్చింది. మెమరీ ముట్టుకోకముందు 1800 దగ్గర స్కోరు రాసుకున్నావా?

కొత్తగూడెం_కుర్రాడు
రాసుకోలేదు అన్నా, నిద్రొచ్చింది. 1250 పైన ఉన్నట్టు గుర్తు.

ఫ్రేమ్‌డ్రాప్
1215 నుంచి 1295 అనుకుందాం. ఆరున్నర శాతం. నేను మొదటి రోజే చెప్పాను, 50 ఫ్రేములు 54 అవుతాయని.

కొత్తగూడెం_కుర్రాడు
53 అయ్యాయి.

ఎస్ఎంపీఎస్_మామ
53 ఫ్రేములు, 11 డిగ్రీలు తక్కువ. వీడియో అతను వేడి గురించి ఏమైనా చెప్పాడా?

కొత్తగూడెం_కుర్రాడు
మళ్లీ చూశాను మామా. అతని వెనక గోడ మీద ఏసీ ఉంది, 22 అని లైటు వెలుగుతోంది.

ఆటో_అలియాస్
మధ్యలో దూరుతున్నాను, నాది ల్యాప్‌టాప్ 1650, ఇదే 900, 1800 పెట్టెయ్యొచ్చా?

పాతకార్డు
@ఆటో_అలియాస్ మొదటి నుంచి చదువు. నంబర్ ఎవరు చెప్పినా పెట్టకు అని ఎక్కడో రాశాను.

ఆటో_అలియాస్
చదివాను అన్నా, అందుకే అడిగి పెడుతున్నాను.

నైట్‌షిఫ్ట్
ల్యాప్‌టాప్ అయితే సీపీయూ, కార్డు ఒకే గొట్టం మీద వేడి పంచుకుంటాయి, లెక్క వేరు. మోడల్ పేరు, గేమ్‌లో రెండిటి వేడి రాసి కొత్త పోస్టు పెట్టు. ముందు కింద జాలీలో దుమ్ము చూడు.

లో_సెట్టింగ్స్
పిల్లి బొచ్చు కూడా చూడు.